ఏ ఛానల్ మీద చెయ్యి పెట్టాను?

సౌండ్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను కలిస్తే ముందుగా అడిగేది, ఏ మిక్సర్ మంచిదని. నాకు తెలియదనే చెబుతాను. నేను పని మానేసి చాలా కాలమైంది. నేను వాడిన డిజిటల్ మిక్సర్ ఇప్పుడు ఎవరి గోడౌన్‌లోనో దుమ్ము కప్పుకుని ఉంటుంది. కానీ ఒక మైకు మాట మిక్సర్ లోపలికి వచ్చే దారి ఉంది చూశారూ, దాన్నే ఇన్‌పుట్ ఛానల్ అంటాం, అది అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గెయిన్, ఫిల్టరు, గేటు, కంప్రెసరు, ఈక్యూ, ఫేడరు. ఈ పేర్లు మారలేదు. మనుషుల గొంతులూ మారలేదు. ఆ దారి గురించి నాకు తెలిసినదంతా నేను చేసిన పొరపాట్ల వల్ల తెలిసింది, నన్ను భరించిన కొందరి వల్ల తెలిసింది. అందుకే రాసి పెడుతున్నాను.

నా పేరు ఓబులేసు. మాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. కర్నూలులో మస్తాన్ సాబ్ అనే పెద్దమనిషి సౌండ్ సర్వీసు నడిపేవారు. ఆయన దగ్గరే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పెళ్లిళ్లు, ఉరుసులు, సభలు, పద్యనాటకాలు. కర్నూలు, కడప జిల్లాల్లో మా స్పీకర్లు దించని ఊరు తక్కువ.

హలో అనేటప్పుడు అందరూ మర్యాదస్తులే

సాబ్ గారి పాత మిక్సర్‌లో ప్రతి మైకుకీ పై నుంచి కింది దాకా విడిగా ఒక వరుస నాబులు ఉండేవి. ఏ నాబు ఎక్కడుందో చూడకుండానే చెయ్యి దానంతటదే పోయేది. వాటిలో అన్నింటికంటే పైన ఉండేది గెయిన్. దాన్ని సౌండు పెంచే నాబు అనుకోవడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు. నేనూ చేశాను.

సాబ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట ఇది: "ఫేడరు జనం కోసరం, గెయిన్ మైకు కోసరం. మైకులో పడిన మాటను మిక్సరు ఎంత తీసుకోవల్ల అనేది గెయిన్. తీసుకున్నదాంట్లో జనానికి ఎంత ఇయ్యల్ల అనేది ఫేడరు. తీసుకునే కాడ తప్పు చేస్తే, ఇచ్చే కాడ ఎవురూ దిద్దలేరు బేటా."

గెయిన్ తక్కువ పెడితే మాట వెనక సముద్రంలా హోరు వస్తుంది. ఎక్కువ పెడితే మాట పగిలిపోతుంది. మీటరు లైట్లు పచ్చలో ఆడాలి, గట్టిగా మాట్లాడినప్పుడు పసుపు తగలాలి, ఎరుపు వెలగకూడదు. చెప్పడానికి ఇంతే. కానీ ఒక సభలో నాయకుడొకాయన ముందుగా వచ్చి మెత్తగా "హలో, హలో" అని మైకు చూసుకుని వెళ్లారు. నేను దానికి తగ్గట్టు గెయిన్ పెట్టాను. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టగానే ఎర్రలైటు వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. స్పీకర్లలో రేకులు చింపినట్టు శబ్దం. సాబ్ నవ్వి, "హలో అనేటప్పుడు అందురూ మర్యాదస్తులేనప్పా. కోపమొస్తే ఎట్ల మాట్లాడ్తారో అడిగి పెట్టుకోవల్ల" అన్నారు. ఆ రోజు నుంచి మైకు పరీక్షకు ఎవరొచ్చినా, సార్, మీరు బాగా గట్టిగా మాట్లాడేది ఒక్క మాట చెప్పండి అని అడిగేవాణ్ని. కొందరికి కోపమొచ్చేది. వస్తే మరీ మంచిది, ఆ గొంతుకే గెయిన్ పెట్టుకునేవాణ్ని.

ఒకే వరుస నాబులు

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లు గడిచాక సాబ్ బెంగళూరు నుంచి ఒక డిజిటల్ మిక్సర్ తెచ్చారు. ఎవరో వాడి అమ్మినదే. అయినా మా జిల్లాలో అప్పటికి అలాంటిది నేను చూడలేదు. ముప్పై రెండు మైకులు పడతాయి, కానీ బల్ల మీద పెడితే మా పాతదానిలో సగం లేదు. నాబులన్నీ ఏమయ్యాయా అని చూస్తే, ఉన్నది ఒకే ఒక్క వరుస. ప్రతి ఛానల్‌కీ ఒక సెలెక్ట్ బటన్ ఉంటుంది. ఏ ఛానల్ బటన్ నొక్కితే దాని లైటు వెలుగుతుంది, అప్పుడా ఒక్క వరుస నాబులూ ఆ ఛానల్‌వి అయిపోతాయి. గెయినూ అంతే, ఈక్యూ అంతే. పైకీ కిందికీ జరిపే ఫేడర్లు మాత్రం దేనికది విడిగా ఉంటాయి.

వినడానికి ఎంత సులువు! నేను రెండు రోజులు ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని బటన్లు నొక్కి చూశాను. మూడో రోజు సాబ్, "ఇంగా నాలుగు దినాలు చూసుకోరాదా?" అని అడిగారు. నేను అక్కర్లేదన్నాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉందన్న గర్వం నాది. నిజానికి ఆ అనుభవమే నా కొంప ముంచింది. నా చేతికి తెలిసింది పాత మిక్సర్. ఆ మిక్సర్‌లో ఫేడరు మీద చెయ్యి ఉంటే, దాని పైనున్న నాబు అదే మైకుది. కొత్తదానిలో ఆ సంబంధం లేదు. నా బుర్రకు ఆ సంగతి తెలుసు, నా చేతికి తెలియదు.

తిక్కస్వామి గారి పద్యం

ఆ వారమే కర్నూలులో ఒక కళ్యాణమండపంలో పద్యనాటకాల పోటీలు. పొద్దున తొమ్మిదింటికి మొదలు. ఎమ్మిగనూరు వైపు నుంచి తిక్కస్వామి గారి బృందం వచ్చింది. ఆయన సేద్యం చేసుకునే మనిషి. డెబ్భైకి దగ్గర పడ్డారు. యాభై ఏళ్లుగా రాజు వేషం కడుతున్నారు. ఊపిరి ఇబ్బంది ఉంది, ఇక పాడొద్దని డాక్టరు చెప్పాడట. ఇదే ఆఖరి పోటీ అని ఆయన అందరికీ చెప్పి వచ్చారు. రెండెద్దుల బండి తోలినట్టు హార్మోనియాన్నీ తబలానీ వెంటపెట్టుకుని పద్యం నడిపించే మనిషి.

స్టేజీ మీద నాలుగో నంబరు మైకు ఆయనది. ఆరో నంబరు మైకు పక్క తెర దగ్గర, రాణి వేషం వచ్చి నిలబడే చోట ఉంది. దానికి ఎదురుగానే స్టేజీ స్పీకరు. రాణి ఇంకా రాలేదు కాబట్టి ఆరో ఫేడరు కిందికి దించి పెట్టాను.

తిక్కస్వామి గారు పద్యం ఎత్తుకున్నారు. గొంతు సన్నగా వస్తోంది. వెనక వరుసలో కూర్చున్న న్యాయనిర్ణేతలు చెవి ముందుకు పెట్టడం నాకు కనిపిస్తోంది. ఎడమ చెయ్యి నాలుగో ఫేడరు మీద పెట్టి, కుడి చేత్తో గెయిన్ నాబు తిప్పాను. మార్పు లేదు. ఇంకొంచెం తిప్పాను. మార్పు లేదు. కొత్త మిక్సర్ కదా, నాబు మెత్తగా పనిచేస్తుందేమో అనుకుని ఇంకా తిప్పాను. అంతకు ముందు ఆరో మైకుకు ఏదో సర్ది, సెలెక్ట్ లైటు అక్కడే వదిలేశానని నాకు గుర్తు లేదు. నేను పెంచుతున్నదంతా, ఫేడరు కిందికి దించి ఉన్న ఆ ఆరో మైకు గెయిన్. అందుకే ఏమీ వినబడలేదు.

పద్యం చివరి పాదానికి వచ్చింది. ఆయన ఊపిరి కూడదీసుకుని రాగం పైకి తీశారు. సరిగ్గా అప్పుడు రాణి తెర పక్కన వచ్చి నిలబడింది. నేను అలవాటు ప్రకారం ఆరో ఫేడరు గీత దాకా ఎత్తాను. హాలంతా దద్దరిల్లేలా మైకు కూత పెట్టింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఏ మైకు అరుస్తోందో తెలియక, కంగారులో మొత్తం సౌండు దించేశాను. నిశ్శబ్దం.

తిక్కస్వామి గారు రాగం మధ్యలో ఆగిపోయారు. ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత స్టేజీ అంచు దాకా నడిచి వచ్చి, మైకు లేకుండానే ఆ పాదం మళ్లీ ఎత్తుకున్నారు. ముందు వరుసల వాళ్లు కదలకుండా విన్నారు. న్యాయనిర్ణేతలున్న వెనక వరుస దాకా అది చేరలేదు. సాయంత్రం బహుమతుల్లో ఆయన పేరు లేదు.

అంతకు ముందే, నాటకం అయిపోగానే ఆయన వేషం రంగు తుడుచుకుంటుండగా దగ్గరికి వెళ్లాను. కాళ్లు పట్టుకోబోతే పక్కకు జరిగారు.

"నువ్వేనా మిక్సరు కాడ కూర్చున్నోడివి?"

"నేనే స్వామీ. శానా పెద్ద తప్పు జరిగిపోయింది."

"నా గొంతు నీ చేతిలో పెడితి కదప్పా. నువ్వు దాన్ని యాడ పెడితివి?"

ఇంకో మైకులో పెట్టానని చెప్పాలా? అప్పటికి సాబ్ నా వెనక వచ్చి నిలబడి ఉన్నారు. "తప్పు నాది స్వామీ" అన్నారు. "పనికి సిద్ధం గాని మనిషిని కూర్చోబెడితి. వీనిదేం లేదు."

తిక్కస్వామి గారు ఇద్దర్నీ చూసి, "మీది మీరు పంచుకోండి. నా పద్యం మాత్రం పోయె" అని కిరీటం పెట్టెలో పెట్టుకున్నారు. ఆయన క్షమించలేదు. క్షమించాల్సిన అవసరమూ ఆయనకు లేదు. ఈ రంగంలో మనం పాడుచేసింది మళ్లీ చేసి ఇవ్వలేం. బట్ట చెడితే దర్జీ ఇంకోటి కుడతాడు. ఆ క్షణం మాత్రం తిరిగి రాదు.

గోడౌన్‌లో పది రోజులు

మరుసటి రోజు సాబ్ నన్ను తిడతారనుకుంటూ వెళ్లాను. ఆయన గోడౌన్ తలుపు తీసి, మిక్సర్ ముందు నాకొక కుర్చీ వేసి, ఎదురుగా కొన్ని మైకులు పెట్టుకుని తాను కూర్చున్నారు. చేతిలో ఆ రోజు పేపరు. "నేను చదువుతాంటా. నువ్వు నా గొంతును తిప్పు. నాబు ముట్టేముందు యా ఛానల్ లైటు ఎలుగుతాందో చూసి, పైకి చెప్పల్ల. చెప్పకుండా ముట్టినావంటే మొదటి పేజీ నుంచి మళ్లా చదువుతా."

పది రోజులు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆయన పేపరు చదివారు. ఆయనకు ఉబ్బసం. చదువుతూ ఆగేవారు, టీ తాగి మళ్లీ మొదలుపెట్టేవారు. పంటల ధరలు, వానల వార్తలు, మరణ ప్రకటనలు, అన్నీ. నేను "ఛానల్ మూడు" అని చెప్పి మూడు ముట్టుకునేవాణ్ని. "ఛానల్ తొమ్మిది" అని చెప్పి తొమ్మిది. మధ్యమధ్యలో ఆయన మైకులు మార్చేసేవారు. ఒకసారి చెప్పకుండా ముట్టుకుంటే, నిజంగానే మొదటి పేజీ తిప్పారు.

ఇన్‌పుట్ ఛానల్‌లో ఒక్కో నాబు ఏం చేస్తుందో నాకు నిజంగా తెలిసింది ఆ గొంతు మీదే. కింది శబ్దాలు కోసే ఫిల్టరు వేస్తే గోడౌన్ ఫ్యాను హోరు పోయింది, సాబ్ గొంతు అలాగే ఉంది. ఇంకా పైకి తిప్పితే ఆయన గొంతులోని బరువు పోయి, ఫోనులో మాట్లాడుతున్నట్టయింది. శబ్దాన్ని భాగాలుగా పెంచీ తగ్గించే ఈక్యూలో మధ్య శబ్దాలు కొంచెం తగ్గిస్తే ముక్కుతో మాట్లాడినట్టుండేది పోయింది. పెంచడం కంటే తగ్గించడమే ఎక్కువ మేలు చేస్తుందని అప్పుడే అర్థమైంది. పెద్ద శబ్దాన్ని అణిచిపెట్టే కంప్రెసరు గట్టిగా వేస్తే, ఆయన కోపంగా చదివిన వార్తా, జాలిగా చదివిన వార్తా ఒకే ఎత్తులో వినిపించాయి. "ఇదేందప్పా, నన్ను మిషను చేసినావు" అన్నారు సాబ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని.

నాకు ఈ పని నేర్పినవాళ్ల గురించి ఎవరైనా అడిగితే, ఉబ్బసంతో పది రోజులు పేపరు చదివిన మనిషి పేరే చెబుతాను. ఆయన ఇప్పుడు లేరు. ఛానల్ నంబరు పైకి చెప్పే అలవాటు మాత్రం నాకు చివరిదాకా పోలేదు. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చున్నవాళ్లు నేనేదో మంత్రం జపిస్తున్నాననుకునేవారు.

ఏడాది తర్వాత తిక్కస్వామి గారికి వాళ్ల ఊళ్లో సన్మానం. సౌండుకు మమ్మల్నే పిలిచారు. పిలవడమే కాదు, నన్నే పంపమని సాబ్‌కు కబురు చేశారు. నాకు భయమేసింది. వెళ్లేసరికి ఆయన స్టేజీ దగ్గర ఎదురుచూస్తున్నారు.

"స్వామీ, నన్నే ఏంటికి పిలిపిచ్చినారు?" అని అడిగేశాను.

"ఇంగొకడైతే నా గొంతు వానికి కొత్త. నీకు తెలుసు కదా. రా, ముందు నా గట్టి గొంతు యినిపిస్తా, చూసుకో."

జనం రాకముందే పద్యం మొత్తం, చివరి రాగంతో సహా, నా ఒక్కడి కోసం పాడారు. నేను "ఛానల్ రెండు" అని చెప్పి గెయిన్ పెట్టాను. ఆయన కాలు తాళం వేసే దబదబ మైకులో పడకుండా ఫిల్టరు వేశాను. కంప్రెసరు కొద్దిగా వేయబోతే, ఆయన స్టేజీ మీది నుంచే పట్టేశారు. "ఆ పై రాగం అణగదొక్కినట్టుండాది. వద్దు, దాన్ని వదిలెయ్యప్పా." తీసేశాను. సభలో ఆయన రాగం పైకి వెళ్లినంతసేపూ ఫేడరు మీద వేలుతో వెంట నడిచాను. ఒక్కసారి కూడా ఎరుపు వెలగలేదు. ఇప్పుడు వచ్చేవాళ్లు అన్ని ఛానళ్లకూ కంప్రెసరు వేసి చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. అది పని కాదు. మనిషి పాడుతున్నంతసేపు మీరూ పని చేయాలి.

సభ అయ్యాక ఆయన తన మెడలోని దండల్లోంచి ఒకటి తీసి మిక్సరు మీద పెట్టి వెళ్లారు.

చెవుల సంగతి

ఒక మాట సూటిగా చెప్పాలి. నేను చెవులు కాపాడుకోలేదు. స్పీకర్ల ముందు గంటల తరబడి నిలబడ్డాను. యాభై దాటాక ఒక రోజు పెళ్లిలో ఒకామె వచ్చి, "అన్నా, సన్నగా ఈల మాదిరి వస్తాంది, యినబడ్లేదా?" అని అడిగింది. నాకు వినబడలేదు. మీటరు చూసి ఈక్యూలో కోశాను, ఆమె తల ఊపింది. నాకు వినబడని శబ్దాన్ని నేను సరిచేస్తున్నానంటే లేచి వెళ్లే సమయం వచ్చినట్టే. ఇక మానేస్తానని సాబ్‌కు నేనే చెప్పాను. మీరు మాత్రం చెవుల్లో దూది కాదు, దానికని అమ్మే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

ఎర్రగుంట్లలో ఒక సంతాప సభ

ఇది నేను పని మానే ముందు సంవత్సరం జరిగింది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు ఆగే ఖాళీ స్థలంలో డ్రైవర్ల సభ. సుబ్బరాయుడు అనే డ్రైవరు గుండెనొప్పితో పోయాడు. పగలు పదకొండు గంటలు, షామియానా కింద రెండు మూడు వందల మంది. పక్కన జనరేటర్, రోడ్డు మీద లారీలు, ఎండగాలి.

ఉన్నది ఒకటే మైకు. జనరేటర్ రొద లోపలికి రాకుండా ఆ ఛానల్‌కు గేటు పెట్టాను. గేటు అంటే తలుపే. నిర్ణయించినంత గట్టిగా శబ్దం వస్తే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. సంఘం నాయకులు ముగ్గురు మాట్లాడారు. అందరివీ పెద్ద గొంతులు. తలుపు చక్కగా తెరుచుకుంది. మాట ఆపగానే రొద లేకుండా మూసుకుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తర్వాత సుబ్బరాయుడి భార్య లక్షుమ్మను పిలిచారు. ఆమె మైకుకు మూరెడు దూరంలో, తల వంచుకుని నిలబడింది. పెదవులు కదిలాయి. స్పీకర్లలో ఏమీ రాలేదు. మధ్యలో ఒక ముక్క వచ్చి తెగిపోయింది. అధ్యక్షుడు లేచి, "గట్టిగా మాట్లాడల్లమ్మా, ఎవురికీ యినపడ్లేదు" అన్నాడు. ఆమె భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిగిపోవడానికి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆమె గొంతును అడ్డుకుంటున్నది నేను పెట్టిన తలుపని అప్పుడు తెలిసింది. పెద్ద గొంతులకు సరిపోయేలా పెట్టి, చిన్న గొంతు మొహం మీద మూసేశాను. "ఛానల్ ఒకటి" అన్నాను పైకే. లైటు చూశాను. గేటు తీసేశాను. జనరేటర్ వాణ్ని కేకేసి దాన్ని ఆపించాను. నా వెంట వచ్చిన కుర్రాళ్లు మిక్సరునూ స్పీకర్లనూ మేం తెచ్చుకున్న బ్యాటరీ మీదికి మార్చడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం నేనే స్టేజీ దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, తప్పు నాది, నీది కాదు. నువ్వు దగ్గరికి రావద్దు, గట్టిగా మాట్లాడొద్దు. ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడు. మేం యింటాం" అని చెప్పి వచ్చాను.

గెయిన్ కొద్దికొద్దిగా పెంచాను. మైకు కూత పెట్టబోయే చోట ఈక్యూలో సన్నగా కోశాను. గాలి హోరుకు ఫిల్టరు వేశాను. ఆమె ఊపిరి తీసుకోవడం స్పీకర్లలో వినబడింది. జనం సద్దు మణిగింది.

"మా ఆయన గురించి అందురూ పెద్ద మాటలు చెప్పినారు," అంది. "నాకు అవేం తెల్దు. ఆయప్ప లారీ మా ఇంటి మలుపు కాడికి వస్తానే మూడు తూర్లు హారన్ కొడ్తాండె. నేను లేసి పొయ్యి మీద ఎసరు పెడ్తాంటి. ఇప్పుడు గూడా యా లారీ హారన్ కొట్టినా లేసి పొయ్యి కాడికి పోతాండా. పోయినంక గుర్తొస్తాది." తల ఎత్తి డ్రైవర్ల వైపు చూసింది. "మీరంతా ఆ దావనే పోతారు. ఒగటే అడుగుతాండా అన్నా. ఆ మలుపు కాడ హారన్ కొట్టాకండి. శానా దినాలేం గాదు. నాకు అలవాటయ్యేదాకా."

అంతే మాట్లాడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చిట్టచివరి మనిషి దాకా అది చేరింది. వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది.

సభ ముగిశాక ఆమె దగ్గరికి వెళ్లాను. మొదట మీరు చెప్పిన మాట మైకులో పడలేదమ్మా, అది ఏమిటని అడిగాను. తెలుసుకోవాలని మనసు పీకుతోంది. ఆమె కాస్త ఆలోచించి, "ఏం లేదన్నా. అందురికీ నమస్కారం అని చెప్తి" అంది.

నేను కేబుళ్లు చుడుతుంటే లారీలు ఒక్కొక్కటీ బయటికి కదిలాయి. వాళ్ల ఇంటి మలుపు ఆ స్థలానికి కనిపించే దూరంలోనే ఉంది. ఎదురుగా వచ్చే బండి కనబడని మలుపది. అక్కడ హారన్ కొట్టని డ్రైవరు ఉండడు. మొదటి లారీ మలుపు దగ్గర బాగా నిదానించింది. క్లీనరు దిగి ముందుకు నడిచి, చెయ్యి ఊపి దారి చూపించాడు. లారీ చప్పుడు లేకుండా తిరిగింది. దాని వెనక రెండోదీ అలాగే, మూడోదీ అలాగే. కేబుల్ చేతిలో పట్టుకుని, చివరి లారీ పోయేదాకా నిలబడి విన్నాను.